పేరును అన్నిటికన్నా చివర్లో చదవండి: జపాన్ పాత కత్తిని గుర్తుపట్టడం, కొనడం

జపాన్ పాత కత్తి చేతికి రాగానే దాదాపు అందరూ చేసే మొదటి పని, పిడి ఊడదీసి లోపల దాగిన తోక భాగం మీద ఏ కమ్మరి పేరు చెక్కి ఉందో చూడడం. నేనూ అదే చేశాను. నేను కొన్న మొదటి వాకిజాషి (మధ్యరకం పొడవున్న కత్తి) మీద ‘బిషూ ఒసాఫునె సుకెసదా’ అన్న అక్షరాలు స్పష్టంగా కనిపించాయి. బిజెన్ (దాన్నే బిషూ అనీ అంటారు) ప్రాంతంలోని ఒసాఫునె కమ్మరుల గురించి అప్పటికే కొంత చదివి ఉండడంతో మరేమీ పరీక్షించకుండా డబ్బు చెల్లించాను. కొన్ని నెలల తరువాత దాన్ని చూసిన ఒక పెద్దాయన ఆ పేరును అరచేత్తో కప్పేసి, “ఇప్పుడు చెప్పండి, ఇది ఎక్కడి కత్తి?” అని అడిగారు. పేరు కనబడకుండా పోయాక గాని నాకు కత్తి కనబడలేదు. పదును గీత, అంటే గట్టిపరచిన అంచుకూ మిగతా ఉక్కుకూ మధ్య కనిపించే సరిహద్దు, అక్కడక్కడా సూదిమొనల్లా పైకి లేచి ఉంది. అంచు పక్కన, వెన్ను పక్కన ఉక్కు పొరలు నిలువు చారలై సాగుతున్నాయి. బిజెన్ ఉక్కులో ఉండవలసిన మంచు నీడ జాడ కూడా లేదు. అది మినో ప్రాంతపు కత్తి. సంతకం తరువాతి కాలంలో ఎవరో చెక్కినది.

ఆకారం, ఉక్కు, పదును గీత, లోపాలు, తోక, ఆ తరువాతే పేరు. ఈ వరుసలో చూడడం అలవాటయితే కొనుగోలులో జరిగే పొరపాట్లలో చాలా భాగం మొదట్లోనే తప్పిపోతాయి. కింద రాసినదంతా ఆ వరుసలోనే సాగుతుంది.

చూడడానికి ముందు: పట్టుకోవడం

కత్తిని ఒర నుంచి తీసేటప్పుడు పదునంచు పైకి ఉండాలి, వెన్ను మాత్రమే ఒర లోపలి చెక్కను ఆనుకుని జారాలి. పక్కకు వాలితే ఒర లోపలి చెక్క తెగుతుంది, మెరుగు మీద గీతలు కూడా పడతాయి. పిడిని పట్టి ఉంచే వెదురు చీలను మెకుగి అంటారు. దాన్ని తీశాక ఎడమ చేత్తో పిడిని పట్టుకుని, కత్తిని కొంచెం ఏటవాలుగా నిలిపి, కుడి పిడికిలితో ఎడమ మణికట్టు మీద మెల్లగా తడితే తోక వదులవుతుంది. ఉక్కును వేలితో తాకకూడదు. వేలిముద్రలోని చెమట, ఉప్పు కొద్ది రోజుల్లోనే తుప్పు మచ్చగా మారతాయి. కత్తికి నోరు దగ్గర పెట్టి మాట్లాడకూడదన్న నియమం కూడా మర్యాద కోసమే కాదు, తుంపర పడకుండా ఉండడానికి.

చూడడానికి ఒకే ఒక్క బల్బు, అదీ పాతకాలపు ఫిలమెంటు రకం అయితే మేలు. గది అంతా పరుచుకునే ట్యూబులైటు కింద పదును గీత సగం మాయమవుతుంది. బల్బు వైపు కత్తిని చాచి, వెలుగు ఉక్కు మీద ఒక చుక్కలా ప్రతిఫలించేలా కొంచెం కొంచెంగా వంచుతూ, ఆ చుక్క అంచు మీదుగా మొదలు నుంచి మొన దాకా నడిచేలా చూడాలి. కత్తి చెప్పే విషయాల్లో ఎక్కువ భాగం ఆ చుక్క చుట్టూ ఉన్న అర అంగుళంలోనే కనిపిస్తాయి.

ఆకారం కాలాన్ని చెబుతుంది

కత్తి పొడవును వెన్ను మీద, తోక మొదలయ్యే చోట ఉండే గాడి నుంచి మొన దాకా సరళ రేఖలో కొలుస్తారు. 60.6 సెం.మీ., అంటే రెండు షాకులు, దాటితే కతానా లేదా తాచి; 30.3 నుంచి 60.6 మధ్య ఉంటే వాకిజాషి, 30.3 లోపు ఉంటే తాంతో. తాచిని పదునంచు కిందికి ఉండేలా నడుముకు వేలాడదీసేవారు, కతానాను పదునంచు పైకి ఉండేలా నడికట్టులో దోపుకునేవారు. ధరించినప్పుడు బయటికి కనిపించే వైపే కమ్మరి సాధారణంగా సంతకం చేసేవాడు కాబట్టి, పేరు చదవకుండానే అది ఏ వైపు ఉందో చూసి కూడా కత్తి ఏ రకానిదో ఊహించవచ్చు.

కాల విభజన మోటుగా ఇలా ఉంటుంది. 1596కు ముందువి కొతో, ఆ తరువాతివి షింతో, పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి వచ్చినవి షిన్‌షింతో. బహిరంగంగా కత్తి ధరించడాన్ని నిషేధిస్తూ 1876లో శాసనం రావడంతో కమ్మరులు చాలామందికి బతుకుతెరువు పోయింది; ఆ తరువాతి సంప్రదాయ కత్తులను గెందాయితో అంటారు.

ఈ కాలాలను వంపు చూసి పోల్చుకోవడం నేర్చుకోవాలి. హేయాన్ యుగం చివర, కామకురా యుగం మొదట తయారైన తాచి సన్నగా ఉంటుంది, వంపంతా పిడి దగ్గర పోగుపడి, మొన చిన్నదిగా ముగుస్తుంది. కామకురా మధ్యకాలంలో వెడల్పు పెరుగుతుంది, మొన పొట్టిగా బలిష్ఠంగా అవుతుంది. దాన్ని అడవిపంది మెడతో పోలుస్తారు. పద్నాలుగో శతాబ్దపు నాంబొకుచో యుగంలో కత్తులు మూడు షాకులను మించిపోయాయి, మొనలు పొడవుగా సాగాయి. మురొమాచి యుగానికి గుర్రం దిగి నేల మీద పోరాడే సైనికుల కోసం పొట్టి కత్తులు, మొన వైపు వంపు తిరిగినవి వచ్చాయి. 1661 నుంచి 1673 దాకా నడిచిన కన్‌బున్ శకపు కత్తుల్లో వంపు దాదాపు లేనట్టే ఉంటుంది. ఒకసారి చూస్తే మరచిపోలేని ఆకారం అది.

ఇక్కడ ఒక చిక్కుంది. పాత పొడవు కత్తులను తరువాతి తరాల వారు తమ అవసరానికి తగ్గట్టు తోక వైపు నుంచి కత్తిరించి పొట్టి చేసుకున్నారు. దీన్ని సురియాగె అంటారు. బాగా ఎక్కువ కత్తిరిస్తే అసలు తోకతో పాటు సంతకం కూడా పోతుంది, వంపు కూడా మారినట్టు కనిపిస్తుంది. తోక మీద రెండు మూడు చీల రంధ్రాలు ఉన్నా, పదును గీత తోక లోపలికి దూరంగా సాగి ఉన్నా కత్తిరించినదని అనుమానించవచ్చు. సంతకం లేదన్న ఒక్క కారణంతో కత్తిని తోసిపుచ్చడం కొత్తగా సేకరించేవారు చేసే పెద్ద తప్పు. జపాన్‌లో అత్యున్నత గౌరవం పొందిన కత్తుల్లో సంతకం లేనివి ఎన్నో ఉన్నాయి. గొప్ప కమ్మరి మసమునె పేరుతో ప్రసిద్ధమైన వాటిలోనూ సంతకం ఉన్నవి చాలా తక్కువ.

ఉక్కు, పదును గీత

ఇనుప ఇసుకను బొగ్గుతో కరిగించి తీసిన తమహగానె అనే ఉక్కును కమ్మరి కాల్చి, సాగగొట్టి, మడిచి, మళ్ళీ కొడతాడు. పదిహేను సార్లు మడిస్తే పొరలు 32,768 అవుతాయి. సానపట్టాక ఆ పొరలే ఉక్కు మీద చెక్క గీతల్లా కనిపిస్తాయి. పలక కోసినప్పటి అలల్లా ఉంటే ఇతామె, ముడి చుట్టూ తిరిగే సుడుల్లా ఉంటే మొకుమె, నిలువు చారల్లా ఉంటే మసామె. ఈ అల్లికతో పాటు పదును గీతను కూడా కలిపి చూసే ఐదు సంప్రదాయాలను విడదీస్తారు.

యమాతో కత్తుల్లో నిలువు చారలు, నేరుగా సాగే గీత, క్యోతో చుట్టుపక్కలి యమాషిరో కత్తుల్లో చాలా సన్నని అల్లిక, నెమ్మదైన నేరు గీత, బిజెన్‌లో లవంగ మొగ్గల వరుసలా ఎగిసే గీత, దాని పైన ఉక్కు మీద ఉత్సురి అనే పొగమంచు నీడ, సగామిలోని సోషూ సంప్రదాయంలో అలల గీత, దాని నిండా మెరిసే రేణువులు, మినోలో సూదిమొనలు. ఇవి కంఠస్థం చేయవలసినవి కావు, ఎన్నో కత్తులను చూడగా చూడగా కంటికి పట్టవలసినవి. పైగా షింతో కాలానికి కమ్మరులు కోటల చుట్టూ పెరిగిన పట్టణాలకు, ఒసాకాకు, ఎదోకు (నేటి తోక్యోకు) వలసపోయి సంప్రదాయాలను కలిపేశారు కాబట్టి, ఈ విభజన కొతో కత్తులకు పనికివచ్చినంతగా వాటికి పనికిరాదు.

పదును గీతను హమోన్ అంటారు. కమ్మరి కత్తికి మట్టి పూస్తాడు, అంచు మీద పలుచగా, వెన్ను మీద మందంగా. ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచినప్పుడు పలుచని మట్టి ఉన్న అంచు వేగంగా చల్లారి గట్టిపడుతుంది, వెన్ను మెత్తగానే ఉంటుంది. ఆ రెంటి సరిహద్దే హమోన్. దగ్గరగా చూస్తే అందులో ఒక్కొక్కటిగా మెరిసే రేణువులు కనిపిస్తే వాటిని నియె అంటారు. విడివిడిగా పోల్చుకోలేని పాల మంచులా ఉంటే నియోయి అంటారు.

ఇప్పుడు అసలు జాగ్రత్త. ఫోటోల్లో అందంగా తెల్లగా కనిపించే పట్టీ చాలాసార్లు హమోన్ కాదు. సానపట్టే నిపుణుడు చివరి దశలో సన్నని రాతి పలుకుతో అంచును తెల్లబరుస్తాడు, దీన్ని హదోరి అంటారు. అది హమోన్ ఆకారాన్ని సుమారుగా అనుసరిస్తుందే తప్ప అదే హమోన్ కాదు. బల్బు వెలుగు చుక్కను అంచు మీదుగా నడిపించినప్పుడు ఆ తెలుపు కరిగిపోయి, దాని లోపల సన్నని వెండి దారంలా మరో గీత వెలుగుతుంది. అది కనబడేదాకా కత్తిని కింద పెట్టకండి. ఆమ్లంతో తెచ్చిన నకిలీ గీత అయితే ఎటు వంచినా ఒకే తీరుగా తెల్లగా, చదునుగా ఉంటుంది, లోపల రేణువు కనిపించదు.

హమోన్ మొనలోకి వెళ్ళి వెన్ను వైపు తిరిగే భాగాన్ని బోషి అంటారు. మొన విరిగి, తిరిగి చెక్కితే ఈ మలుపు పోతుంది. మొన బాగా కనిపిస్తున్నా లోపల బోషి లేకపోతే విలువ ఘోరంగా పడిపోతుంది, కాబట్టి ప్రత్యేకంగా అక్కడ కాసేపు ఆగాలి.

క్షమించదగిన లోపాలు, క్షమించరానివి

హగిరి అంటే పదునంచుకు అడ్డంగా పడిన వెంట్రుక వాసి బీట. కొన్నిసార్లు కంటికి కూడా ఆనదు. కత్తిని వెలుగుకు ఎదురుగా ఎత్తి, అంచు వెంబడి ఒక కన్నుతో సాగదీసి చూస్తే చిన్న నల్ల గీతగా తగులుతుంది. అది ఉన్న కత్తి ఆయుధంగా చచ్చినట్టే లెక్క. అరుదైన పాత కమ్మరి పని అయితే తప్ప సేకరణలో చోటు ఇవ్వకూడదు. పొరల మధ్య బొబ్బలా లేచిన ఫుకురె, పొరలు విడిపోయిన వారె, పాత లోపాన్ని పూడ్చిన ఉమెగనె ముక్క ఇవన్నీ వాటి చోటును, పరిమాణాన్ని బట్టి ధరను తగ్గిస్తాయి గాని కత్తిని చంపవు. ఏడు వందల ఏళ్ళ కత్తిలో ఏ లోపమూ లేకపోతేనే నాకు అనుమానం వస్తుంది.

అలిసిన కత్తిని గుర్తుపట్టడం ఇంకొంచెం కష్టం. ప్రతి సానా కొంత ఉక్కును తినేస్తుంది. ఎన్నో సార్లు సానపట్టిన కత్తిలో హమోన్ అంచుకు మరీ దగ్గరగా మిగులుతుంది, లోపలి మెత్తని ఉక్కు అల్లికలేని మసక మచ్చలుగా బయటపడుతుంది, తోక మందంగానూ కత్తి పలుచగానూ ఉంటాయి.

అగ్నిప్రమాదంలో కాలి హమోన్ పోగొట్టుకున్న కత్తికి మళ్ళీ పదునెక్కిస్తే దాన్ని సాయిహా అంటారు. 1615లో ఒసాకా కోట కాలిపోయినప్పుడు అందులో ఉన్న ఎన్నో ప్రసిద్ధ కత్తులకు ఎచిజెన్ యసుత్సుగు అనే కమ్మరి తొకుగావా పాలక వంశం కోసం తిరిగి పదునెక్కించాడు. అవి చరిత్ర వల్ల విలువైనవి, మామూలు సాయిహా కాదు. గాడి దగ్గర అంచు నుంచి ఏటవాలుగా పైకి లేచే మసక చారను మిజుకాగె అంటారు, దాన్ని సాయిహాకు గుర్తుగా చెబుతారు. అయితే హోరికావా కునిహిరో అనే కమ్మరి కత్తుల్లో అది మొదటి నుంచే ఉంటుంది. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పకూడదనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

తోక, చివరికి పేరు

తోకను నకాగో అంటారు. దాని మీద తుప్పును కమ్మరి కావాలనే వదిలేస్తాడు, సానపట్టేవారూ ముట్టుకోరు. శతాబ్దాల తుప్పు ముదురు గోధుమ రంగు నుంచి నలుపు దాకా ఉండి, చేతికి నున్నగా, లోతుగా తగులుతుంది. కొత్తగా తెచ్చిపెట్టినది నారింజ రంగులో, పొడిగా, మచ్చలు మచ్చలుగా ఉంటుంది. శుభ్రంగా కనిపించాలని దాన్ని ఒక్కసారి రుద్దినా ఆ కత్తి కాలానికి ఉన్న ముఖ్య సాక్ష్యం పోతుంది, మళ్ళీ రాదు. తోకకు నూనె కూడా పెట్టనక్కర లేదు.

తోక మీద ఆకురాతి గీతలు ఉంటాయి. అడ్డంగా, ఏటవాలుగా, చేప ముల్లులా, ఒక్కో కమ్మరి శాఖకు ఒక్కో తీరు. ఆకురాయి పట్టిన తరువాతే సంతకం చెక్కుతారు కాబట్టి, అక్షరాల గాట్లు ఆ గీతలను కోసుకుంటూ పోవాలి. భూతద్దం పట్టుకుని ఒకే ఒక్క గీటును చూడండి. పాత సంతకంలో గాడి అడుగున ఉన్న తుప్పూ చుట్టూ ఉన్న తుప్పూ ఒకటే, ఉలి కొట్టినప్పుడు గట్టుగా లేచిన ఉక్కు అంచు కాలంతో మెత్తబడి ఉంటుంది. తరువాత చెక్కిన సంతకంలో గట్టు ఇంకా గరుకుగా ఉంటుంది, అడుగున రంగు వేరుగా ఉంటుంది, లేదా గీటు పాత తుప్పు గుంటను తెంచుకుంటూ పోతుంది. పెద్దాయన నా వాకిజాషి మీద చూపించింది ఈ చివరిదే. ‘సుకె’ అన్న అక్షరంలో ఒక అడ్డగీటు తుప్పు గుంట నడిమధ్య నుంచి వెళ్ళింది. గుంట ముందు పుట్టింది, అక్షరం తరువాత పుట్టింది.

ఇప్పుడు పేరు చదవవచ్చు. పేరున్న కమ్మరి అయిన కొద్దీ నకిలీ సంతకానికి అవకాశం పెరుగుతుంది. జపాన్‌లో దీన్ని గిమెయి అంటారు. నగసోనె కోతెత్సు అనే కమ్మరి సంతకం ఉన్న వాటిలో చాలా భాగం నకిలీలే. షోగున్ పక్షాన పోరాడిన షిన్‌సెన్‌గుమి దళం నాయకుడు కొండో ఇసామి గర్వంగా ధరించిన కోతెత్సు కూడా నకిలీదేనన్న వాదన ఉంది. గిమెయి అంటే కత్తి కొత్తదని కాదు, పేరు అబద్ధమని మాత్రమే. ఒక మంచి పాత కత్తికి గొప్ప పేరు తగిలించి ఉండవచ్చు, ఆ పేరు తీసేస్తే కత్తి నిలబడవచ్చు. అయితే సంతకాన్ని చెరిపించడం వెనక్కి తీసుకోలేని పని. ఎంతమంది సలహా ఇచ్చినా కనీసం ఇద్దరు వేర్వేరు నిపుణులు చూసేదాకా ఆగడం మంచిదని నా అభిప్రాయం.

సుకెసదా పేరులోనూ తేడాలున్నాయి. ఆ పేరుతో ఎందరో కమ్మరులు పనిచేశారు, మురొమాచి చివరి యుద్ధాల కాలంలో గుంపుగా తయారుచేసిన కత్తుల మీద క్లుప్తంగా ‘బిషూ ఒసాఫునె సుకెసదా’ అని చెక్కేవారు. ఎవరైనా ప్రత్యేకంగా అడిగి చేయించుకున్నవాటి మీద ప్రాంతం పూర్తి పేరుతో పాటు కమ్మరి సొంత పేరు, ఉదాహరణకు యొసొజయెమొన్-నో-జో సుకెసదా అని, కనిపిస్తుంది. రెండో వైపు తేదీ ఉంటే అది సాధారణంగా రెండో నెలనో ఎనిమిదో నెలనో సూచిస్తుంది.

యుద్ధకాలపు కత్తుల గురించి క్లుప్తంగా. అచ్చుపోసిన అల్యూమినియం పిడి, కత్తి మీద వరుస సంఖ్య ఉంటే అది 1935 నాటి 95వ నమూనా సైనిక కత్తి, యంత్రంతో చేసినది. తోక మీద ‘షో’ లేదా ‘సెకి’ ముద్ర ఉంటే సంప్రదాయ పద్ధతిలో చేయనిదని అనుకోవాలి. నక్షత్ర ముద్ర ఉంటే సైన్యం నియమించిన కమ్మరి సంప్రదాయ పద్ధతిలో చేసినది కావచ్చు, దాన్ని విడిగా పరిశీలించాలి. ఇక 1945లో పోలీసు స్టేషన్‌లో అప్పగించిన తరువాత కనబడకుండా పోయిన హోంజో మసమునె అనే ప్రసిద్ధ కత్తి తమ అటకమీద ఉందని చెప్పేవారితో మర్యాదగా టీ తాగి వచ్చేయండి.

కాగితాలు

జపాన్‌లో 15 సెం.మీ. లేదా అంతకు మించిన కత్తికి 1958 నాటి చట్టం ప్రకారం నమోదు పత్రం ఉండాలి. దాన్ని తొరోకుషో అంటారు, ప్రిఫెక్చర్ విద్యామండలి ఇస్తుంది. కత్తి చేతులు మారిన 20 రోజుల్లోపు కొత్త యజమాని ఆ మండలికి తెలియజేయాలి. తొరోకుషోలో పొడవు, వంపు, చీల రంధ్రాల సంఖ్య, చెక్కి ఉన్న పేరు రాస్తారు. పేరు నిజమా కాదా అన్న తీర్పు అందులో ఉండదు. నకిలీ సంతకాన్ని కూడా ఉన్నది ఉన్నట్టే రాస్తారు. ఈ ఒక్క విషయం తెలియక మోసపోయినవారిని నేను చాలామందిని చూశాను. యంత్రంతో చేసిన యుద్ధకాలపు కత్తులకు ఈ నమోదు దొరకదు, జపాన్‌లో వాటిని ఉంచుకోవడానికి వీలులేదు.

నిజానిజాల తీర్పు కోసం వేరే పత్రాలున్నాయి. 1948లో స్థాపించిన జపాన్ కళాత్మక కత్తుల పరిరక్షణ సంఘం నాలుగు మెట్లుగా పత్రాలిస్తుంది: హోజోన్, తొకుబెత్సు హోజోన్, జూయో, తొకుబెత్సు జూయో. గిమెయి అని తేలితే పత్రం ఇవ్వరు. 1980ల తొలినాళ్ళ దాకా ఇచ్చిన పాత కిచో పత్రాలను యథాతథంగా నమ్మలేం, కత్తిని మళ్ళీ పరీక్షకు పంపాలి. ఏ పత్రమైనా దానికి అతికించిన తోక ఫోటోను చేతిలోని తోకతో గుంటకు గుంట, గీటుకు గీటు సరిపోల్చాలి. మంచి పత్రాన్ని వేరే కత్తికి జత చేసి అమ్మడం తెలియనిది కాదు. కత్తిని దేశం దాటించాలంటే జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ నుంచి ఎగుమతి ధ్రువపత్రం తీసుకుని, తొరోకుషోను తిరిగి ఇచ్చేయాలి. జాతీయ సంపదగా, ముఖ్య సాంస్కృతిక ఆస్తిగా గుర్తించినవి దేశం దాటవు.

ఏది కొనాలి, ఎలా ఉంచాలి

కొనడానికి ముందు కనీసం యాభై మంచి కత్తులను దగ్గరగా చూడండి. తోక్యోలోని ఉయెనో జాతీయ మ్యూజియం, 2018లో ర్యోగొకుకు మారిన కత్తుల మ్యూజియం, ఒకయామా ప్రిఫెక్చర్‌లో సెతొఉచి నగరపు ఒసాఫునె కత్తుల మ్యూజియం ఇందుకు సరైన చోట్లు. సెతొఉచి నగరం 2020లో విరాళాలు పోగుచేసి, ఒకప్పుడు ఉయెసుగి కెన్‌షిన్ అనే యుద్ధప్రభువు దగ్గర ఉండిన సంచోమో కత్తిని, జాతీయ సంపదగా గుర్తించినదాన్ని, 50 కోట్ల యెన్లకు సొంతం చేసుకుంది. అంతకన్నా మేలైనది కన్‌తెయి సమావేశం. అక్కడ తోకలను గుడ్డతోనో పిడితోనో కప్పి కత్తులను వరుసగా పెడతారు. చూసినవారు కమ్మరి పేరు ఊహించి చీటీ మీద రాయాలి. సరిగ్గా చెబితే ‘అతారి’, అదే శాఖకు చెందిన దగ్గరి కమ్మరి పేరు చెబితే ‘దోజెన్’. మొదటి ఏడాది అన్నీ తప్పులే వస్తాయి. ఆ తప్పులకు డబ్బు ఖర్చు కాదు.

మొదటి కొనుగోలుకు గొప్ప పేరున్న అలిసిన కతానా కన్నా, హోజోన్ పత్రం ఉండి మంచి సానలో ఉన్న షింతో వాకిజాషి మేలు. ఒకే కమ్మరి చేసిన వాకిజాషి కతానా కన్నా చాలా చవకగా దొరుకుతుంది, ఉక్కూ పదునూ మాత్రం అవే. తుప్పు పట్టిన కత్తి చవకగా వచ్చిందని తీసుకుంటే, శిక్షణ పొందిన తోగిషి దగ్గర సానపట్టించే ఖర్చు తరచు కత్తి ధరనే మించిపోతుంది. ఇంట్లో సానరాయి పట్టుకుని మీరే ప్రయత్నించడం గురించి చెప్పవలసింది ఒక్కటే, వద్దు. ఒర, పిడి, త్సుబా (పిడికీ కత్తికీ మధ్య ఉండే రక్షణ పలక) లాంటి అలంకరణలు చాలాసార్లు కత్తి కన్నా తరువాతి కాలానివి, వాటికి పత్రాలూ వేరు, వాటి కోసం కత్తి ధర పెంచి ఇవ్వకండి.

ఉంచడానికి అలంకరణ లేని మెత్తటి చెక్క ఒర, అంటే షిరసాయా, మంచిది. పడుకోబెట్టి, పొడి చోట ఉంచాలి. పాత నూనెను మెత్తని కాగితంతో మొదలు నుంచి మొన వైపు ఒకే దిశలో తుడిచి, లవంగ నూనె కలిసిన సన్నని పొరను కొత్తగా పూయాలి. సంప్రదాయంగా వాడే ఉచికో పొడి మూట ఎక్కువసార్లు తడితే మెరుగు మీద సన్నని గీతలు పడతాయి కాబట్టి నేను దాన్ని అరుదుగా వాడతాను. కొత్తగా సానపట్టించిన కత్తికి మొదటి ఆరు నెలలు తుప్పు తొందరగా పడుతుంది. అప్పుడు నెలకోసారి తీసి, హబాకి (కత్తి మొదట్లో తొడిగే లోహపు పట్టీ) కింద, మొన దగ్గర బల్బు వెలుగులో చూసి, నూనె మార్చాలి.